ఎడమ చెవి

పొణికి కొయ్య బొమ్మలకి సరే,
అల్మారాలో నిలబడే పెళ్ళికూతుళ్ళకి సరే,
పిల్లాడి బరువు మొయ్యదు, అనేవాడు నాగలింగాచారి.
అందుకే మాకు నిద్రగన్నేరు.
రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా నరికి పడేసిన మొద్దులు
రైవస్ కాలవ గట్టున మా రేకుల షెడ్డుకి
తోపుడు బండి మీద వచ్చేవి,
మిగిలిన రెమ్మల్లో ఆకులు ఇంకా
పొద్దుగూకే వేళకి ముడుచుకుంటూ.

నాకప్పుడు పద్నాలుగు. నా పని గరుకు కాగితం.
ఆయన బాడిసె ఎత్తితే చెక్కపొట్టు నా జుట్టులో,
నా టీలో, మధ్యాహ్నం పప్పన్నంలో.
మొద్దు చుట్టూ రెండు రోజులు ఊరికే తిరిగేవాడు,
బేరం కుదరని ఎద్దు చుట్టూ తిరిగినట్టు.
మూడో రోజు పొద్దున్నే
మెడ ఎక్కడుందో తెలిసిపోయేది.

గుర్రానికి నగలు కుడివైపే.
గజ్జెలు, జీను కుచ్చులు, జూలులో మొగ్గలు
అన్నీ జనం చూసే పక్కన.
ఎడమ పక్క నున్నగా, బోడిగా.
"అటు చూసేది ఇరుసొక్కటే కదరా,
దానికేం తెలుసు."

ఖాజావలి రాట్నానికి మొత్తం పదకొండు:
ఏడు గుర్రాలు, రెండు సింహాలు, ఒక హంస,
ఏడ్చే పిల్లల కోసం ఒక కుందేలు.
సింహం కోసం కొట్టుకునేవారు.
కుందేలు రంగు చాలా ఏళ్ళు కొత్తగానే ఉంది.

ఒకసారి ఖాజావలి డైనోసార్ కావాలన్నాడు.
ఫోనులో చూపించాను.
కళ్ళజోడు నుదుటి మీదకి తోసి చాలాసేపు చూశాడు.
"కోడికి ఈకలు పీకి తోక అతికించారు.
దీని మీద కూర్చుంటే జారిపోరూ?"
చెక్కలేదు.

తర్వాత బుడమేరు.
సింగ్‌నగర్ ఖాళీ స్థలంలో రాట్నం,
తెల్లారేసరికి మెడలోతు నీళ్ళు.
ఇనప చట్రం ఉన్నచోటే ఉంది.
కొయ్య తేలింది.
పుట్టినప్పట్నుంచి ఒకే చుట్టు తిరిగిన గుర్రాలు
బోల్టులు ఊడి
మొదటిసారి తిన్నగా వెళ్ళాయి.
డాబాల మీద పాల ప్యాకెట్ల కోసం చూస్తున్నవాళ్ళు చెప్పారు:
సింహం ముందు, హంస వెనక,
కుందేలు వెల్లకిలా, కాళ్ళు పైకి.

నీళ్ళు తీశాక మోపెడ్ మీద వెతికాం.
ఎనిమిది దొరికాయి.

తొమ్మిదోది పాయకాపురంలో, ఒక ఇంటి ముందు.
నగల పక్క గోడకి, బోడి పక్క రోడ్డుకి,
వీపు మీద దుప్పట్లు ఆరేసి.
నేను ఎవరిదో పాత బల్లనుకున్నా.
ఆయన బండి ఆపమన్నాడు.
దుప్పటి అంచు జరిపి
ఎడమ చెవి లోపల వేలితో తడిమాడు.
"ఇక్కడ ఉలి లోతుగా దిగిపోయింది.
తొంభై ఎనిమిదిలో. ఆ రోజు మా తమ్ముడు..."
అక్కడితో ఆగాడు.
చింతగింజల మక్కుతో పూడ్చి రంగేశాడట.
ఇన్నేళ్ళూ ఇరుసు ఎవరికీ చెప్పలేదు.
నీళ్ళు మక్కుని నానబెట్టి తీసుకుపోయాయి.

ఇంటావిడ బయటికొచ్చింది, చేతిలో బురద చీపురు.
"మీదా అన్నా?"
ఆమె వెనక గదిలో మంచం లేదు, బీరువా లేదు,
గోడకి నా భుజమెత్తున నీటిగీత.
"కాదమ్మా, చూస్తున్నా.
చెవి కొస పెళుసెక్కింది, పిల్లలకి గుచ్చుకుంటుంది."
నా జేబులోంచి గరుకు కాగితం లాక్కుని
పది నిమిషాలు రుద్దాడు.
దుప్పటి మళ్ళీ సర్దాడు.

ఖాజావలికి లెక్క ఎనిమిదనే చెప్పాడు.
నేను నోరు విప్పలేదు.

దసరా వెళ్ళాక కొత్త గుర్రం మొదలుపెట్టాం.
రెండు రోజులు మొద్దు చుట్టూ తిరిగాడు.
చెయ్యి నిలవడం లేదని
చెవులు నన్ను చెక్కమన్నాడు.
కుడిది కుదిరింది.
ఎడమది కూడా బాగానే వస్తోంది.
"ఇంకొంచెం లోతుకి దించు," అన్నాడు.
దించాను.
మక్కు కలపబోతే
నా మణికట్టు పట్టుకున్నాడు.